ఎండల్లో తడిసే గోడ

కోయిలకుంట్లలో మే నెల ఎలా ఉంటుందో ఆ పక్క వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నల్లరేగడి చేలు కాలు దిగబడేంత నెర్రెలిస్తాయి. చేదబావిలో బొక్కెన వేస్తే అడుగు తగులుతుంది. అలాంటి రోజుల్లో కూడా మా పాత మిద్దెలో వీధి వైపు పడసాల గోడ చెమ్మగానే ఉండేది. చెయ్యి ఆనిస్తే చల్లగా తగిలేది. పూత పెచ్చులుగా లేచేది, దాని కింద తెల్లటి ఉప్పు పొడి రాలేది. వానాకాలంలో గోడ తడిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. మబ్బుతునక లేని నెలలో తడి ఎక్కడిదన్నదే ఇంటిల్లిపాదికీ ఒక తరం పాటు అంతుచిక్కని ప్రశ్న.

ఎవరికి తోచిన జవాబు వాళ్లు చెప్పారు. మిద్దె కురుస్తోందన్నారు. కుందూ నది ఊట అన్నారు. చౌడు నేల గుణమన్నారు. కొళాయి పైపు పగిలిందన్నారు. వాస్తు దోషమన్నవాళ్లూ ఉన్నారు. ప్రతి జవాబుకూ ఒక మరమ్మతు జరిగింది, ప్రతి మరమ్మతు తర్వాతా గోడ మళ్లీ తడిసింది.

ఇంటిని బాగుచేద్దామని అన్నదమ్ములం, అక్కచెల్లెళ్లం కూర్చున్నప్పుడు ముందుగా వచ్చిన మాట 'పడగొట్టి స్లాబు వేద్దాం' అన్నదే. దానికి ఒప్పుకునేలోగా గోడ సంగతి తేల్చాలనుకున్నాం. కొత్త ఇల్లు కట్టినా అదే నేల మీద, అదే వీధిలో కట్టాలి కదా. తడి ఎక్కడిదో తెలియకపోతే అది కొత్త గోడకూ ఎక్కుతుంది. ఒక్కో ఆధారాన్నీ పట్టుకుని జవాబు దాకా ఎలా వెళ్లామో ఇక్కడ చెబుతున్నాను. పాత మిద్దెలున్న ఏ ఇంటివాళ్లకైనా ఈ వరస పనికొస్తుందని నా నమ్మకం.

ముందు ఇంటిని చదవడం

మా ఇంట్లో ప్రత్యేకతేమీ లేదు, రాయలసీమ మిద్దెలు చాలావరకు ఇలాగే ఉంటాయి. గోడలు రెండు వరసల రాయి. లోపలి వరసకూ బయటి వరసకూ మధ్య మట్టి, చిన్న రాళ్లు కూరి కట్టారు. మందం మూర పైమాటే. రాయికీ రాయికీ నడుమ బంకమట్టి, పైన సున్నపు పూత. స్తంభాల మీద దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద నాపబండలు, ఆ బండల మీద మట్టి, అన్నిటికీ పైన చౌడు. నడిమింట్లో వెలుతురుకూ పొగ పోవడానికీ గవాచి. కట్టిన నాడు ఇందులో సిమెంటు రేణువు లేదు.

ఈ చివరి సంగతే మాకు కాలాన్ని కొలిచే తొలి ఆధారమైంది. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నది 1824లో. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద దాడి చేసిన 1846 నాటికి ఆ సిమెంటుకు వయసు 22 ఏళ్లే. మన పల్లెలకు అది మామూలు సరుకు కావడానికి ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు పట్టింది. బేతంచెర్ల దగ్గర పాణ్యం సిమెంట్స్ మొదలైంది 1950లలో. అంటే మా గోడ మీద ఎక్కడ సిమెంటు కనిపించినా అది ఇల్లు కట్టినవాళ్లది కాదు, తర్వాత వచ్చినవాళ్ల పని. ఏది అసలు, ఏది అతుకు అని విడదీయడానికి ఇంతకన్నా తేలికైన గుర్తు లేదు. గోడంతా తట్టి చూసి, సిమెంటు ఉన్నంత మేరా బొగ్గుతో గీత గీశాం. ఆ గీత ఎంత పెద్ద సాక్షి అవుతుందో అప్పటికి తెలియదు.

మొదటి అనుమానం: మిద్దె

అందరి వేలూ ముందు పైకే చూపించింది. మట్టి మిద్దె కదా, కారుతుందని అనుకోవడం సహజం. కానీ మట్టి మిద్దె ఎందుకు కారదో తెలుసుకుంటే ఆ అనుమానం నిలబడదు. చౌడులో సోడియం లవణాలు ఎక్కువ. తడి తగలగానే ఆ సోడియం బంకమట్టి రేణువులను విడదీస్తుంది. విడిపోయిన సన్న రేణువులు సందుల్లో ఇరుక్కుని నీళ్లు దిగే దారి మూసేస్తాయి. పంటకు పనికిరాని ఆ మట్టి మిద్దె మీదికి చేరి ఇంటిని కాపాడుతుంది. అందుకే వానలకు ముందు ఏటేటా మిద్దె మీద కొత్త చౌడు పరిచేవాళ్లు.

నిచ్చెన వేసుకుని దూలాల కొసలు, దంతెల అడుగు, గోడ పైభాగం పరీక్షించాం. ఎక్కడా నీటి చార లేదు, చెక్క పొడిగా ఉంది. మిద్దె కారితే తడి పై నుంచి కిందికి దిగాలి. మా గోడకు నడుము ఎత్తు దాటాక తడే లేదు. మిద్దె నిర్దోషి.

అయితే పైకి ఎక్కినందుకు ఇంకో నిజం తెలిసింది. పాత పొర తీయకుండా దాని మీదే కొత్త చౌడు వేస్తూ పోవడంతో మట్టి మందం బాగా పెరిగిపోయింది. నడిమింటి దూలం మధ్యలో కిందికి వంగింది. అది ఈ చిక్కుముడికి సంబంధించిన సంగతి కాకపోయినా, చేయాల్సిన పనుల పట్టీలో రెండో స్థానం దానికే ఇచ్చాం. కారని మిద్దె బరువుతో కూలితే ప్రాణాలే పోతాయి.

రెండో అనుమానం: భూమిలో ఊట

ఓర్వకల్లు వైపు పుట్టి, ఈ లోయ పొడవునా పారి, కడప జిల్లాలో పెన్నలో కలిసే కుందూ మా ఊరికి దూరం కాదు. 2019 సెప్టెంబరు వానలకు నంద్యాల ప్రాంతం ఎలా మునిగిందో అందరం చూశాం. కాబట్టి ఊట అన్న మాటను తీసిపారేయలేదు.

ఈ ఊరి కింద ఉన్న రాయి గురించి భూగర్భ శాస్త్రం చాలాకాలంగా మాట్లాడుతోంది. కర్నూలు శిలాసమూహంలో ఒక పొర పేరే కోయిలకుంట్ల సున్నపురాయి. దాని కింద పాణ్యం క్వార్ట్‌జైట్, ఔకు షేల్, ఇంకా కింద నార్జి సున్నపురాయి. మన నాపబండలు ఎక్కువగా ఆ నార్జి రాయివే. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు ఏర్పడింది కూడా ఆ రాయిలోనే. 3 కిలోమీటర్లకు పైగా కొలిచిన ఆ గుహలను చూసినవాళ్లకు ఒక సంగతి కళ్లకు కడుతుంది. నీళ్లు ఆ గట్టి రాయిలోంచి తేలిగ్గా పోవు, దాని పగుళ్ల వెంట, అతుకుల వెంట పోతాయి. మా గోడలో కూడా అంతే. చెమ్మంతా రాళ్ల నడుమ మట్టిలో ఉంది. రాయి ముఖం తుడిస్తే ఆరిపోతోంది, సందు మాత్రం తడిగానే ఉంటోంది.

ఊటే కారణమైతే నాలుగు గోడలూ తడవాలి. నేల ఒక్కటే, పునాది ఒక్కటే. మా పెరటి గోడ, పక్క గోడలు ఎండుగా ఉన్నాయి. పెరట్లో చేదబావి మేలో అడుగంటింది. నీటిమట్టం అంత కిందికి పోయిన రోజుల్లో కూడా ఒక్క గోడే తడిసిందంటే, నీళ్లు ఆ గోడకు దగ్గరలో ఎక్కడో ఉన్నాయి.

ఈ మాటకు బలమిచ్చిన ఆధారం ఒక పగులు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. అందువల్ల రేగడి నేలల్లో పాత గోడల పగుళ్లు ఎండాకాలం విచ్చుకుని, వానలు పడ్డాక దగ్గరవుతుంటాయి. పెరటి గోడ పగులు అలాగే చేసింది. పగులుకు అడ్డంగా సన్నటి సున్నపు పట్టీ వేసి తేదీ రాసి పెడితే, ఎండలు ముదిరేసరికి ఆ పట్టీ తెగిపోయింది. వీధి గోడ పగులు మీద వేసిన పట్టీ మాత్రం చెక్కు చెదరలేదు. ఆ గోడ కింది నేల ఎండలకు కూడా ముడుచుకోలేదు, అంటే ఏడాది పొడవునా తడిసే ఉంది. ఇక్కడితో మా వెతుకులాట ఊరంతటి నుంచి ఒక్క గోడ పునాది దగ్గరికి వచ్చేసింది.

ఉప్పు ఎక్కడ ఆగింది?

తెల్లటి పొడిని చూసి చౌడు అనుకున్నారు పెద్దలు. ఉప్పు ఏ మట్టిలోనైనా కొంత ఉంటుంది. అది ఎక్కడ తేలిందో చూడాలి. నీటిలో కరిగిన ఉప్పు నీళ్లతో పాటే గోడలోకి ఎక్కుతుంది. నీళ్లు ఆవిరై గాలిలో కలిసిన చోట ఉప్పు మిగిలిపోతుంది. కాబట్టి ఉప్పు గీత ఉన్న చోటే గోడ తన తడిని వదులుకుంటున్నట్టు లెక్క.

ముందు ఈ తడి గాలిలోంచి వచ్చి పట్టిందా, గోడలోంచి వస్తోందా అన్నది తేల్చాలి. చదరపు ప్లాస్టిక్ కాగితం ఒకటి గోడకు ఆనించి, నాలుగు అంచులూ టేపుతో మూసి వదిలేశాం. కొన్నాళ్లకు కాగితం బయటివైపు పొడిగా ఉంది, గోడను ఆనుకున్న వైపు నీటి బొట్లు పట్టాయి. తడి గోడ లోపలిదే. ఖర్చు లేని ఈ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు.

ఆ తర్వాత ఉప్పు గీతను, ముందే గీసిన బొగ్గు గీతను పక్కపక్కన చూశాం. మేమంతా ఒక్కసారిగా నిలబడిపోయిన చోటు అదే. వెనకటి మరమ్మతుల్లో ఒకసారి గోడ అడుగున మూడడుగుల ఎత్తున సిమెంటు పూత వేశారు. ఉప్పు గీత సరిగ్గా ఆ పూత ఆగిన చోట, దానికి నాలుగు వేళ్ల పైన మొదలవుతోంది. పూత లేని పక్క మూలలో ఉప్పు మోకాలి ఎత్తు కూడా దాటలేదు.

దీని అర్థం ఇది. దీపపు ఒత్తి నూనెను పైకి లాగినట్టే గోడలోని మట్టి కింది తడిని పైకి లాగుతుంది. సున్నపు పూత ఉన్న రోజుల్లో ఆ తడి అడుగునే ఆవిరైపోయేది. సున్నం పూత ఆవిరిని అడ్డుకోదు. సిమెంటు పూత వేశాక తడికి బయటికి దారి లేక పైపైకి ఎక్కింది. పూత దాటిన చోట బయటపడింది. తడిని ఆపుదామని వేసిన పూతే తడిని నడుము దాకా ఎక్కించింది.

సున్నమూ సిమెంటూ పుట్టింది మన కాళ్ల కింది సున్నపురాయిలోంచే. ఆ రాయిని బట్టీలో 900 డిగ్రీల దగ్గర కాలిస్తే సున్నం. బంకమట్టితో కలిపి 1,450 డిగ్రీల దగ్గర కాలిస్తే సిమెంటు క్లింకర్. మొదటిది నెమ్మదిగా గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది, ఆవిరికి దారి వదులుతుంది. రెండోది త్వరగా, చాలా గట్టిగా బిగుసుకుంటుంది. స్లాబుకు, పిల్లర్లకు ఆ గట్టిదనం కావాలి. మట్టితో కూరిన రాతిగోడకు మాత్రం అది ఊపిరాడనివ్వని పూత.

అయినా అసలు ప్రశ్న మిగిలే ఉంది. సిమెంటు తడిని పైకి ఎక్కించింది సరే, ఆ తడి అడుగుకు ఎలా వచ్చింది?

వీధి పెరిగింది, గడప తగ్గింది

ఈ ప్రశ్నకు దారి చూపింది బేల్దారి మేస్త్రీ. నీళ్ల పైపుతో లెవెలు పట్టాడు. సన్నటి పారదర్శక పైపులో నీళ్లు నింపి ఒక కొసను వీధిలో, ఇంకో కొసను పడసాలలో పట్టుకుంటే రెండు చోట్లా నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి. "వీధే ఎత్తుగా ఉందన్నా, ఇల్లు కిందికుంది. నీళ్లు ఇంట్లోకే వస్తాండాయి" అన్నాడు.

అరుగు పక్కన సిమెంటు రోడ్డు అంచు వెంట కొద్దిగా తవ్వితే మెట్టు తేలింది. దాని కింద ఇంకో మెట్టు. మా పెద్దత్త తన పెళ్లినాటి సంగతి గుర్తు చేసుకుంది. "మూడు మెట్లు ఎక్కి వచ్చేవాళ్లం రా ఇంట్లేకి. ఇప్పుడు ఒగటీ లేదు." మట్టి వీధి మీద గరుసు, దాని మీద కంకర, దాని మీద ఒక సిమెంటు రోడ్డు, కొన్నేళ్లకు దాని మీద ఇంకొకటి. పాతదాన్ని పెళ్లగించకుండా కొత్తది వేసిన ప్రతిసారీ వీధి ఇంటి కన్నా ఎత్తయింది. రోడ్డు ఊరికి కావలసిందే, బురదలో నడిచిన కాలాన్ని ఎవరూ కోరుకోరు. కానీ దాని ఎత్తుకు తగ్గట్టు మా ఇంటి ముందు నీటి వాలును ఎవరూ చూడలేదు. కాలువ నిండినప్పుడల్లా, కొళాయి దగ్గర బిందెలు కడిగినప్పుడల్లా నీళ్లు గోడ అడుగుకు చేరుతున్నాయి.

ఇక తేలిపోయిందనుకున్నాం. కానీ ఒక్క సంగతి కుదరలేదు. రేగడి బంకనేలలో పైనుంచి దిగిన నీళ్లు కొంత లోతుకే పోతాయి, ఎండాకాలం వాడకం తగ్గాక ఆరిపోవాలి. అదే వీధిలో ఉన్న మిగతా పాత ఇళ్లకు కూడా రోడ్డు ఎత్తయింది. వాళ్ల గోడలు వానాకాలం చెమ్మగిలి, ఉగాది నాటికి ఆరుతున్నాయి. మా గోడ మేలో కూడా తడిగా ఎందుకుంది? నీళ్లు ఎక్కడో నిలవ ఉండాలి.

భాగాల కాగితంలో పాతర

ఊరి గ్రామకంఠంలో ఉన్న పాత ఇళ్లకు పటం ఉండేది కాదు. పొలాలకున్నట్టు సర్వే నంబర్ల వారీ కొలతలు ఉండేవి కావు. మిగిలేది పాత దస్తావేజుల్లోని చెక్కుబందీ, పెద్దల జ్ఞాపకం. తాతల నాటి భాగపరిష్కారం కాగితం బయటికి తీశాం. ఏ అంకణం ఎవరికి, నడవ దారి ఎవరెవరికి ఉమ్మడి, బావి నీళ్లపై హక్కు ఎవరిది అన్నీ రాసి ఉన్నాయి. వాటి మధ్యలో పడసాలలోని పాతర అన్నదమ్ములకు ఉమ్మడి అన్న షరతు ఉంది. మా తరంలో ఎవరికీ ఆ పాతర ఎక్కడుందో తెలియదు.

పెద్దత్తను అడిగితే క్షణం ఆలోచించలేదు. "వీధి గోడ మూలన. ఆడ తొక్కొద్దని మాయమ్మ అరిసేది." ఆ మూలన బండలను కర్రతో తట్టుకుంటూ పోతే, మిగతా చోట్ల గట్టిగా పలికిన నేల ఒక్క చోట డొల్లగా పలికింది. ఆ బండ కొలతే వేరు. చుట్టూ ఉన్నవాటి కన్నా చిన్నది, మందమైనది.

పాతరంటే జొన్నలు దాచుకునే గొయ్యి. కర్నూలు, కడప, బళ్లారి వైపు కరువు నేలల్లో ఇది ఇంటికి ప్రాణాధారం. మూతి సన్నగా, లోపల వెడల్పుగా తవ్వి, అడుగునా చుట్టూ చొప్ప, గడ్డి పేర్చి, జొన్నలు పోసి, మూతి మీద బండ పెట్టి మట్టితో మెత్తేవాళ్లు. లోపలి గింజలు గాలిలోని ప్రాణవాయువును వాడుకుని బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. ఆ గాలిలో పురుగు బతకదు, అందుకే జొన్నలు ఏళ్ల తరబడి చెడకుండా ఉండేవి. మనిషీ బతకలేడు. పాతర తెరిచాక లోపలికి దీపం దించి, అది ఆరిపోకుండా వెలిగితేనే మనిషి దిగాలన్న కట్టుబాటు అందుకే వచ్చింది.

1866 కరువులో ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెట్టిన ప్రాంతం ఇది. పదేళ్లకు వచ్చిన 1876-78 మహా కరువుకు కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తరిగిపోయింది. అలాంటి నేలలో ఇల్లు కట్టుకునేవాడు మొదట ఆలోచించేది గింజలు ఎక్కడ దాచాలన్నదే.

పాతర చెప్పిన సాక్ష్యం

పాతర దొరికిందన్న సంతోషం కన్నా అది బయటపెట్టిన నిజం మాకు ముఖ్యమైంది. పాతరకు శత్రువు నీళ్లు. చెమ్మ తగిలితే జొన్నలు ముక్కిపోతాయి, ఒక్క పాతర తడిస్తే ఇంటిల్లిపాదీ పస్తులుండాలి. కాబట్టి పాతరను ఇంటి స్థలంలో అన్నిటికన్నా ఎండుగా ఉన్న చోట, గట్టి సుద్ద నేల చూసుకుని తవ్వుతారు. అంటే ఇవాళ ఇంట్లో అన్నిటికన్నా తడిగా ఉన్న మూల, కట్టిన నాడు అన్నిటికన్నా పొడిగా ఉన్న మూల.

దీంతో నేల గుణం, ఊట, వాస్తు అన్న అనుమానాలన్నీ ఒక్క దెబ్బకు కొట్టుకుపోయాయి. ఆ నేలకు పుట్టుకతో ఏ దోషమూ లేదు. జొన్నలను ఏళ్ల తరబడి పొడిగా కాపాడిన చోటది. తడి తర్వాత వచ్చింది, బయటి నుంచి వచ్చింది, మనుషులు చేసిన మార్పుల వల్ల వచ్చింది. మనుషులు చేసినదాన్ని మనుషులు సరిదిద్దవచ్చు.

మేస్త్రీ బండ కదిలించాడు. ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా ఒక రోజంతా మూతి తెరిచి ఉంచాడు. లోపల పాత ఇంటి చెత్త, ఇటుక ముక్కలు, మెత్తటి మట్టి, వాటి మధ్య నిలవ నీళ్లు. వీధి నుంచి గోడ అడుగుకు చేరిన నీళ్లు పక్కనే ఉన్న ఈ గొయ్యిలోకి దిగాయి. చుట్టూ సుద్ద, బంకమట్టి కావడంతో ఇంకే దారి లేక అక్కడే నిలిచాయి. ఏడాది పొడవునా గోడకు తడి అందించింది ఈ నిలవే. పక్కింటి గోడలు ఆరి, మాది ఆరకపోవడానికి కారణం ఇదొక్కటే.

జరిగిన వరస

ఇప్పుడు ఆధారాలన్నీ కాలక్రమంలో పెట్టవచ్చు. మొదట పొడి నేల మీద, వీధి కన్నా మూడు మెట్ల ఎత్తున, సున్నంతో, మట్టితో ఇల్లు కట్టి, ఎండు మూలన పాతర తవ్వారు. చాలాకాలం ఆ ఇంట్లో తడి లేదు. తర్వాత తిండి మారింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, జొన్నలు తినేవాళ్లు తగ్గారు, పంట నేరుగా మార్కెట్టుకు పోవడం మొదలైంది. పాతరకు పని లేకపోయింది. చెత్తతో పూడ్చి మీద బండ వేశారు, కానీ దిమ్మెసతో కుదించలేదు. అందుకే లోపల సందులు మిగిలాయి. ఆ తర్వాత వీధికి కొళాయిలు, కాలువ, సిమెంటు రోడ్లు వచ్చాయి. వీధి ఎత్తయి నీళ్లు ఇంటి వైపు తిరిగాయి, పాతరలో చేరాయి. గోడ అడుగున చెమ్మ కనిపించగానే సిమెంటు పూత వేశారు. తడి నడుము దాకా ఎక్కింది.

ఒక్కో మార్పూ దానికదే మంచిదే. రోడ్డు, కొళాయి, చవక బియ్యం, సిమెంటు, వీటిలో ఏదీ చెడ్డది కాదు. ఒక మార్పు ఇంకో మార్పును ఎక్కడ తాకుతుందో చూసేవాళ్లు లేకపోవడమే గోడను తడిపింది.

మరమ్మతు వరస

కారణం తెలిశాక పని వరస దానంతటదే కుదిరింది. మొదట నీళ్లు, తర్వాత బరువు, ఆ తర్వాత గోడ. కరెంటు, స్నానాల గది, రంగులు చివరికి.

ముందుగా అనుమతి తీసుకుని వీధి గోడ వెంట సన్నటి కందకం తవ్వాం. పాత రాతిగోడ పక్కన ఒకేసారి పొడవుగా తవ్వితే గోడ జారే ప్రమాదం ఉంది. అందుకే నాలుగైదు అడుగుల ముక్కలుగా, పునాది అడుగు కన్నా లోతుకు పోకుండా తవ్వి, కంకర నింపి, నీళ్లు కాలువ వైపు పోయేలా వాలు ఇచ్చాం. పాతరలోని తడి చెత్తంతా తోడించి, రేగడి కలవని గరుసును పొరలు పొరలుగా వేసి దిమ్మెసతో కుదించాం. మూత బండను మాత్రం ఉన్న చోటే ఉంచాం, దాని కింద ఏముండేదో పిల్లలకు తెలియాలి.

మిద్దె మీది మట్టిని రెండు వైపులా సమానంగా తీయించాం. ఒక్క వైపే తీస్తే దూలాల మీద బరువు ఒరుగుతుంది. వంగిన దూలం మార్చి, పలచగా కొత్త చౌడు వేశాం.

ఆ తర్వాతే గోడ జోలికి పోయాం. సిమెంటు పూత చెక్కించి, సందుల్లోని తడి మట్టి గీకించి, ఒక పూర్తి ఎండాకాలం ఏ పూతా లేకుండా వదిలేశాం. చూడ్డానికి బాగోలేదు, వచ్చినవాళ్లంతా అడిగారు. కానీ తడిసిన రాతిగోడ ఆరడానికి కాలం తప్ప వేరే మందు లేదు. బయటికొచ్చిన ఉప్పును ఎప్పటికప్పుడు పొడి కుంచెతో దులిపాం. నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది. గోడ ఆరాక సున్నం నానబెట్టి, ఇసుకతో కలిపి, పలచటి పొరలుగా పూత వేయించాం. పైన ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు వేయలేదు. అది కూడా సిమెంటులాగే ఆవిరిని ఆపుతుంది. వెల్ల వేసి ఊరుకున్నాం.

ఇంట్లో అందరి మధ్యా పొరపొచ్చాలు రాకుండా కాపాడింది ఒక నోటుపుస్తకం. ఏ ఆధారం ఎక్కడ దొరికింది, ఏ పని ఎందుకు, దానికి ఎవరు ఎంత పెట్టారు అన్నీ అందులో రాశాం. దూరాన ఉన్నవాళ్లకు ఫొటోలు పంపి, వాళ్లు సరేనన్నాకే ఒక్కో పని మొదలుపెట్టాం. పడగొడదామన్న తమ్ముడే పాతర చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. కారణం కళ్లకు కనిపిస్తే వాదన దానంతటదే ఆగిపోతుంది.

ఇది మన ఒక్క ప్రాంతపు అనుభవం కాదు. 1877లో విలియం మోరిస్, మిత్రులు లండన్‌లో పాత కట్టడాల రక్షణకు పెట్టిన సంఘం ఇప్పటికీ చెప్పే మాట ఇదే. రోజువారీ సంరక్షణే పాత ఇంటికి ఆయువు, పాత గోడలకు సున్నమే తగినది. అక్కడి చలి వానలకైనా, ఇక్కడి ఎండలకైనా, మట్టీ సున్నమూ కలిసిన గోడకు సూత్రం మారదు.

కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ, బనగానపల్లె, నంద్యాల వైపు ఇలాంటి మిద్దెలు ఇంకా ఎన్నో నిలబడి ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఎవరో ఒకరు 'పడగొట్టడమే మేలు' అని తీర్పు చెప్పేసి ఉంటారు. ఆ తీర్పును అమలు చేసేలోగా మూడు పనులు చేయండి. నీళ్ల పైపుతో వీధి ఎత్తు, ఇంటి ఎత్తు కొలవండి. గోడ మీద సిమెంటు ఎక్కడ ఆగిందో, తడి ఎక్కడ మొదలైందో పక్కపక్కన చూడండి. పాత కాగితాలు తీసి, ఇంట్లో పెద్దవాళ్లను ఒక పూట కూర్చోబెట్టి బావి, పాతర, గాదె, మెట్లు ఎక్కడుండేవో అడిగి రాసుకోండి. మొదటి రెండూ వచ్చే ఏడాదైనా చేసుకోవచ్చు. పెద్దవాళ్లను మాత్రం ఈ నెలలోనే అడగండి.